పుస్తకము మోసికొని వచ్చిన రచయిత



క్రొత్తగా అచ్చైన నవలను వెంటబెట్టుకొని రచయిత ఊరూరను తిరుగుట, సభలలో కొంత చదివి వినిపించుట, కొన్నవారికి చేవ్రాలు చేసి యిచ్చుట నేడు పట్టణములలో వాడుకైనది. ఇది పడమటి దేశములనుండి నిన్న మొన్న దిగుమతియైన వింత యని కొందఱు తలంచుచున్నారు. మన తెలంగాణములోనే, నిజాముగారి యేలుబడి నాడే, పుస్తకముల మూటతో పల్లెలు తిరిగిన రచయిత యొకరు కలరు. వారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. అయితే వారి సంచారమునకును, నేటి వారి సంచారమునకును క్రమములో భేదము కలదు. నేటివారు నవల వ్రాసి పిదప తిరుగుదురు. ఆళ్వారుస్వామిగారు ముందు తిరిగి, పిదప నవల వ్రాసిరి. ఈ భేదము చిన్నది కాదని నా యభిప్రాయము.

కథ నడచి మన గడపకు వచ్చుట మనకు పూర్వమునుండి యున్నదే. కోతలు ముగిసి కళ్లములు ఖాళీయైన దినములలో శారదకథకుడు తంబుర మీటుచు వచ్చెడివాడు. ఒగ్గువారు మల్లన్న కథ చెప్పెడివారు. చిందువారు వేసములు కట్టెడివారు. పటము విప్పి కులపురాణము వినిపించువారును వచ్చెడివారు. ఆ కథను ఎఱిగినవాడును, మోయువాడును, అమ్ముకొనువాడును ఒక్కడే. వినువారి ముఖములు చూచి యతడు కథను పెంచెడివాడు, కుదించెడివాడు. విసుగు కనబడిన వెంటనే హాస్యమును దింపెడివాడు. తెల్లవాఱిన పిదప గింజలు కొలిపించుకొని మఱియొక యూరికి సాగెడివాడు.

పండితులకును ఈ సంచారము తప్పలేదు. తిరుపతి వేంకటకవులని పేరొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) గార్లు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి మున్నగు సంస్థానములకు పోయి యవధానములు చేసి సత్కారములు పొందిరి. ఆ తిరుగుళ్లను గూర్చియే నానారాజసందర్శన మను గ్రంథమును కూర్చిరి. నేను భాషాప్రవీణకు చదువు దినములలో మా గురువుగారు ఈ యవధానముల ముచ్చట యెత్తిరా, ఇక నాటికి వ్యాకరణపాఠము సాగెడిది కాదు. కాని యా కవులు పోయినది రాజుల కడకు, జమీందారుల కడకు. పల్లెలోని సామాన్యుని వాకిట నిలిచి పుస్తకము చూపవలసిన యక్కఱ వారికి కలుగలేదు.

అచ్చు వచ్చిన పిదప కథకు కాళ్లు పోయినవి. 1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము వెలువడెను. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ వివేకవర్ధనిలో రాజశేఖర చరిత్రమును ప్రకటింప మొదలిడిరి. అట్లు నవల మన భాషలో అడుగిడినది. నవలను పాడుటకు వీలులేదు, వేసము కట్టి ఆడుటకును వీలులేదు. ఒక్కడు దీపము కడ కూర్చుండి తనలో తాను చదువుకొనవలసినది. అట్టి దానిని చదువరి యింటికి చేర్చువా రెవ్వరు? 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగు పెద్దలు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. అది పిదప మద్రాసునకు మాఱినది. చరిత్రము, ప్రకృతిశాస్త్రము మొదలగు వానితో పాటు నవలలను గూడ ఆ మండలి ప్రకటించెను. నవలలకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చెను. చందాదారులు పేర్లు వ్రాయించుకొనిన, పుస్తకములు టపాలో వచ్చెడివి.

ఇది గొప్ప యేర్పాటే. ఎన్నో యిండ్లలో తొలి పుస్తకపు బీరువాలు ఈ చందాల వలననే నిండినవి. అయినను టపా యనునది అడిగినవానికే తెచ్చి యిచ్చును. నాకు నవల కావలెనని యెఱుగనివాడు, నవల యనగా నేమో విననివాడు ఎట్లు చందా కట్టును?

మా సీమ అట్టిదే. మంజీర యొడ్డునున్న మా బోరంచ, నారాయణఖేడు తాలూకాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగు వఱకు ఈ తాలూకా బీదరు జిల్లాలో నుండి, పిదప మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. ఇక్కడి సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినబడును. ఒక్క బేరములోనే మూడు భాషలు మాఱుట కలదు. ఇంటిలో ఏ భాష యైనను కచేరిలో ఉర్దూయే నడచెడిది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములోను బోధనభాష ఉర్దూయే. 1921 నవంబరులో హైదరాబాదున కర్వేపండితుని అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభలోనివారు గేలిచేసి అడ్డుకొనిరి. ఆ రాత్రియే కొందఱు కూడుకొని ఆంధ్రజన సంఘమునకు అంకురార్పణము చేసిరి. తెలుగులో మాట వినుటకే యిష్టపడని సభలున్న దినములలో తెలుగు నవలకు చదువరులను సంపాదించుట ఎంతటి పనియో మీరే యూహింపుడు.

మఱియొక చిక్కు పైకముది. నిజాము రాజ్యమున నడచినది హాలీ సిక్కా. మద్రాసు, బెజవాడ వారికి కట్టవలసినది కల్దారు రూపాయి. నూఱు కల్దారు రూపాయలకు హాలీ రూపాయలు నూటపదాఱుకు పైబడి యిచ్చుకొనవలసి యుండెను. పుస్తకము వెలకు తోడు ఈ మారకపు బరువును చదువరి తలపైననే పడెడిది.

ఇంతటి యిక్కట్టులోను పని చేసినవారు చేసిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండను రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి యను పల్లెలో అచ్చుయంత్రము పెట్టి, తామే యక్షరములు కూర్చి తెనుగు పత్రికను నడపిరి. 1930 మార్చిలో మనకు చేరువనున్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను తొలి ఆంధ్ర మహాసభ జరిగినది. అనుమతి లేక సభ చేయరాదని సర్కారు గస్తీ నిశాని 53ను విధించి యుండుటచేత గ్రంథాలయమే మనవారికి కూడలి యైనది. నలుగురు కూడి మాటలాడిన సభ యగును గాని, నలుగురు కూర్చుండి చదువుకొనిన దానిని ఆపుట సర్కారునకును కొంత కష్టమే.

ఇప్పు డాళ్వారుస్వామిగారి కడకు వత్తము. వారు 1915లో నల్లగొండ జిల్లాలో నకిరేకల్లు సమీపమున గల చెర్వుమాదారమున బీద వైష్ణవ కుటుంబమున పుట్టిరి. చిన్నతనముననే తండ్రి పోయెను. ఒక యుపాధ్యాయుని యింట పనులు చేయుచు, వంట చేయుచు, ఆ యింటనే నాలుగక్షరములు నేర్చిరి. బెజవాడలో హోటలులో పని చేసిరి. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దిరి. ఉర్దూయు, ఇంగ్లీషును స్వయంకృషిచే నేర్చుకొనిరి. పరీక్ష యేదియు ప్యాసు కాలేదు. నాబోటి పట్టాపండితులు ఇది గమనింపదగినది.

1938లో వారు సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. దేశోద్ధారక యనునది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బిరుదము. పంతులుగారు ఆ యేటనే దివంగతులైరి. ఇంచుమించు ఆ కాలముననే కె. సి. గుప్తగారు అణా గ్రంథమాలను నడపిరి. దాని పేరులోనే వెల యున్నది. ఆళ్వారుస్వామిగారు తమ గ్రంథమాల పేర ముప్పదికి పైగా పుస్తకములను ప్రకటించిరి. ప్రకటించి దుకాణమున కూర్చుండలేదు. మూటగట్టి, తామే మోసికొని, తెలంగాణపు పల్లెలకు పోయి యమ్మిరి. వ్రాయించినవారును, అచ్చొత్తించినవారును, దిద్దినవారును, కూలివలె మోసినవారును తామే.

ఊరికి పుస్తకము మోసికొని పోవుటయన్న నేమో కొంచెము తలపోయుడు. మన పల్లెలో ఎండపొద్దున క్రొత్తవాడు మూటతో దిగిన, మొదట బట్టల వర్తకుడో, మందులవాడో యనుకొందుము. మూట విప్పగా కాగితములు కనబడును. చదువు వచ్చినవా డెవ్వడని యడుగవలెను. పట్వారి యింటికో, బడిపంతులు కడకో దారి చూపుదురు. వారు కొందురో కొనరో. కొనినను సర్కారు మెచ్చని పుస్తకము కాదు గదా యని ముందు వెనుక చూతురు. ఇక తక్కినవారికి పుస్తకము నిచ్చిన ప్రయోజనము లేదు. ముందు కూర్చుండి చదివి వినిపింపవలెను, లేదా కథను నోట చెప్పవలెను. చెప్పుచున్నప్పుడు వారి కథ వారు చెప్పుదురు. వెట్టి సంగతి, అప్పు సంగతి, దేశముఖుగారి మనుషులు చేనుపై పడిన సంగతి బయటికి వచ్చును. పుస్తకము అమ్ముడు పోకున్నను అమ్మవచ్చినవాని చెవి నిండును. ఇట్టి పని ఏండ్ల తరబడి చేసినవాడు నవలకు వస్తువు వెదకుకొనుచు ఎక్కడికి పోవలెను?

నడుమ చెఱసాల వచ్చినది. నిజామాబాదు కారాగారమున ఆళ్వారుస్వామిగారును, దాశరథి కృష్ణమాచార్యులుగారును తోడు ఖైదీలు. 1949లో వెలువడిన తన అగ్నిధారను దాశరథిగారు వీరికే యంకితము చేసిరి. రాజులకును ధనికులకును కృతులిచ్చు సంప్రదాయము గల భాషలో, పుస్తకముల మూట మోసినవానికి ఒక కవి కృతి నిచ్చెను. ఆళ్వారుస్వామిగారి చెఱసాల యనుభవము జైలు లోపల యను కథలైనది. చెఱ విడిచిన కొలది యేండ్లకు ప్రజల మనిషి యను నవల వెలువడెను.

ఆ నవలలోని యూరు దిమ్మెగూడెము. రామభూపాలరావు అచ్చటి దొర. కంఠీరవము పేదల పక్షమున నిలుచు యువకుడు. తెలంగాణపు పల్లెలో 1940కి ముందు మనుష్యు లెట్లు మాటలాడిరో, ఎట్లు భయపడిరో, ఆ భయము ఎట్లు కొంచెము కొంచెముగా సడలెనో అందు కలదు. పండితదృష్టితో చూచిన ఆ నవలలో శిల్పలోపములు చెప్పవచ్చును. నేను చెప్పియు నున్నాను. కాని దొర గడిలోనికి పిలిపించినప్పుడు రైతు ఎచ్చట నిలుచునో, చెప్పు లెచ్చట విడుచునో ఇంటిలో కూర్చుండి ఊహించి వ్రాసినది కాదది. దానికి కొనసాగింపుగా వారు గంగు నవలను చేపట్టిరి. అది పూర్తి గాకమునుపే 1961లో కన్నుమూసిరి. వ్రాసినంత భాగము 1965లో అచ్చైనది.

పడమటి వారి సంగతియు రెండు మాటలు చెప్పెదను. ఇంగ్లాండు నవలాకారుడు చార్లెసు డికెన్సు 1858 నుండి టిక్కెట్లు పెట్టి తన నవలల భాగములను సభలలో చదివెను. 1867 డిసెంబరు మొదలు 1868 ఏప్రిలు వఱకు అమెరికాలో తిరిగెను. అచ్చటి పట్టణములలో జనులు చలిరాత్రి వీథిలో వరుసకట్టి టిక్కెట్లకై వేచి యుండిరి. ఆ చదువుటలో ఒళ్లు మఱచి, ఆరోగ్యము చెడి, 1869లో వైద్యుల మాటపై యాత్రను నడుమనే యాపి, 1870లో మృతినొందెను. అమెరికా వాడగు మార్కు ట్వైను అచ్చుయంత్రము మీదను, ప్రచురణ వ్యాపారము మీదను ధనము పోగొట్టుకొని, అప్పులు తీర్చుటకు లోకము చుట్టి ప్రసంగములు చేయుచు 1896లో మన దేశమునకును వచ్చెను. వీ రిరువురికిని ముందే చదువరులు కలరు. పుస్తకము ముందు పోయి పేరు తెచ్చెను. మనిషి వెనుక పోయి ధనము తెచ్చుకొనెను. ఇందు దోషమేమియు లేదు. నేటి పుస్తకయాత్రలు ఈ త్రోవలోనివే. మన త్రోవ వేఱు. ఇచ్చట చదువరి ముందుగా లేడు. అతనిని పుట్టించుకొనవలసి యుండెను.

నేడు హైదరాబాదున ఏటేట పుస్తక ప్రదర్శనము జరుగుచున్నది. జనము తిరునాళ్లవలె కూడుచున్నారు. అమెరికాలోని తెలుగు సంఘముల సభలకు మన రచయితలు విమానములపై పోవుచున్నారు. విశాలాంధ్ర వారి సంచార పుస్తకశాల బండి తాలూకా యూళ్ల బస్సుస్టాండుల కడ ఆగెడి దినములు నాకు తెలియును. ఆ బండిలో పుస్తకములు వచ్చెడివి గాని రచయితలు వచ్చెడివారు కారు. ఏడుపాయల శివరాత్రి జాతరలో నేలపై గుడ్డ పఱచి పెద్దబాలశిక్ష, బాలనాగమ్మ కథ, పంచాంగములు అమ్మెడివారు. ఆ గుడ్డపై క్రొత్త నవలను నేనెన్నడును చూడలేదు.

కొన్నేండ్ల క్రిందట మా ప్రాంతమున ఒక నవలాకారుని సభ జరిగెను. పేరు చెప్పను. శాలువాలు కప్పుటకు ముప్పావు గంట పట్టెను. నలుగురు వక్తలు మాటలాడిరి. అందొకరు కథ నంతయు చెప్పివేసిరి. చివరి బస్సు వేళ యగుచుండెను. వెనుక బల్లపై మా యూరి రైతొకడు, సంతకు వచ్చి సభలో చొఱబడినవాడు, లేచి నిలుచుండి, "ఆషాఢంల ఎడ్లను ఎవడమ్ముకుంటడు సారూ? దున్నే యాళ్ల గదా!" యని యడిగెను. నవలలో కథానాయకుని తండ్రి అప్పు తీర్చుటకు తొలకరి దినములలో ఎడ్ల నమ్మును. సభ నవ్వెను. నవలాకారుడు నవ్వలేదు. వేదిక దిగి వచ్చి, ఆ రైతు ప్రక్కన కూర్చుండి, అప్పుపడినవాడు ఏ నెలలో నేమి యమ్మును, ముందు గొడ్డునా, వెండినా, చేనునా యని యడిగి చిన్న పుస్తకములో వ్రాసికొనెను. ఆ పది నిమిషములే ఆ సభలో సభ. నాటికి అమ్ముడుపోయినవి పదునొకండు ప్రతులు. అందు సగము ఉపాధ్యాయులు మొగమాటమునకు కొన్నవే. ఆ రైతు కొనలేదు. అతనికి చదువు రాదు. అయినను ఆ నవలాకారుడు మా సీమకు వచ్చుటవలన పొందిన లాభమంతయు ఆ కొనని వానివలననే కలిగినది.

నవల అచ్చై చేతికి వచ్చిన పిదప ఈ లాభము కొంత యాలస్యమైనదే. ఎడ్లు ఆషాఢముననే అమ్ముడు పోయి పుస్తకమున కూర్చున్నవి. ఆళ్వారుస్వామిగారు ఇతరుల పుస్తకములు మోయుచు, తమ నవలకు ముందే ఇట్టి ప్రశ్నలు వందలు వినియుందురు. క్రొత్త రచయితలు తమ పుస్తకము లేనప్పుడును, ఇంకొకరి మంచి నవలను చేతబట్టుకొని పల్లెకు వచ్చిన బాగుండునని నే ననుట ఇందుకే. వినువారికి నష్టము లేదు. ప్రచురించిన వారికి ఒకటి రెండు ప్రతులు పోవును. వచ్చినవాని మూట తిరిగి పోవునపుడు మఱింత బరువుగా నుండును.

వారు రావలెనన్న మనమును కొంత చేయవలెను. కందికోతలు, పత్తి యేఱుట ముగిసిన మాఘ ఫాల్గుణములు మనకు తీరిక. నల్లపోచమ్మ దర్శనమునకు దూరపు భక్తులే మా యూరికి వచ్చుచున్నప్పుడు రచయితకు బస్సు దొరకకపోదు. సభకు ఫంక్షనుహాలు వలదు. బడి వసారా చాలును. శాలువా మానుడు. ఆ వెలకు రెండు ప్రతులు వచ్చును. ఒకటి బడిలోను, ఒకటి పంచాయతీ కచేరిలోను ఉంచి, తాళముచెవి ఎవరి కడ నున్నదో నలుగురికి తెలియజేయుడు. తాళముచెవి దొరకక మూతబడిన గ్రంథాలయములను ఉద్యోగరీత్యా నేను పెక్కింటిని చూచితిని. చదువు రాని పెద్దలకు రాత్రిపూట చదివి వినిపించుటకు పదవ తరగతి పిల్లవాడొకడు చాలును; వానికి నాలుక తిరుగును, వీరికి ప్రొద్దు పోవును.

మా యూర ఈ పని చిన్నగా మొదలైనది. వారమునకు రెండు రాత్రులు మా యరుగుపై ఎనిమిది తొమ్మండుగురు కూడుదురు. ఒక ఘట్టము ముగిసిన పిదప మా దొర యిట్లు చేసెడివాడని ఒకరు, కాదు, అంతకంటె ఘోరమని మఱియొకరు వాదులాడుకొందురు. ఆ వాదము తీఱు వఱకు పుట తిరుగదు. అందుచేత పని నెమ్మదిగా సాగుచున్నది. ప్రజల మనిషిలో ఇప్పటికి సగము దాటితిమి.